తలుపు వేసి ఉంటేనే మాట్లాడే మనిషి

మొదటి రోజు సారు అందరినీ లేచి పేరూ, చేసే పనీ చెప్పమన్నాడు. పన్నెండు మంది చెప్పారు. పదమూడోవాడు నలభై మూడేళ్ళ మనిషి. నీలం చొక్కా, జేబులో స్పానరు. లేచాడు. మా మొహాల వైపు చూడబోయి, మధ్యలో మనసు మార్చుకుని నల్లబల్ల వైపు చూశాడు. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడదీసి, చెవిటివాళ్ళకి చెప్పినంత గట్టిగా అన్నాడు.

"కంగారు పడకండి. నేను వచ్చేశాను. లోపల ఎంతమంది ఉన్నారు?"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందు బెంచీలో ఉన్న ఎలక్ట్రీషియన్ ఒకావిడ, జడలో టెస్టరు గుచ్చుకుని ఉంటుంది, అడిగారు కదా అని "పదమూడు" అంది.

"ముసలివాళ్ళు, గర్భిణులు ఎవరైనా ఉన్నారా?"

వెనక బెంచీలో వెల్డరు చెయ్యెత్తాడు. "నాకు ఏడో నెలన్నా. చూస్తే తెలియట్లేదా?" అని పొట్ట నిమురుకున్నాడు.

తరగతి ఘొల్లుమంది. ఆ మనిషి మాత్రం నవ్వలేదు. "అందరూ గోడకి ఆనుకుని కూర్చోండి. తలుపు తొయ్యకండి" అని చెప్పి కూర్చున్నాడు. పేరు చెప్పనే లేదు. చెప్పే అవసరం కూడా మళ్ళీ రాలేదు. మర్నాటికి నల్లబల్ల మీద ఎవరో కంగారూ బొమ్మ గీసి, దాని పొట్ట సంచీలో లిఫ్టు పెట్టారు. ఆ రోజు నుంచి ఆయన మా అందరికీ కంగారు. నాకు కంగారు బాబాయ్.

అది లిఫ్టు సూపర్‌వైజర్ల కోర్సు. పొద్దున్న ఏడింటి నుంచి తొమ్మిది దాకా, టైర్ల దుకాణం పైన మూడో అంతస్తులో జరిగేది. ఆ భవనానికి లిఫ్టు లేదు. నేను కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేసి ఇంట్లో ఫ్యాను కింద పడుకుంటుంటే, చూడలేక మా మావయ్య చేర్పించాడు. మిగతావాళ్ళంతా చేతిపని వచ్చినవాళ్ళు. నాకు ఏ పనీ రాదు, నోరు మాత్రం ఉంది. కంగారు బాబాయ్‌ది సరిగ్గా తలకిందుల వ్యవహారం.

పిచ్చివాడనుకోకండి. ఇరవై నాలుగేళ్ళుగా ఆగిపోయిన లిఫ్టుల దగ్గరికి పరిగెత్తడమే ఆయన ఉద్యోగం. పంతొమ్మిదో ఏట పనిలో చేరాడు. అప్పటి నుంచి కొత్త మనిషితో మాట్లాడిన ప్రతిసారీ మధ్యలో ఒక ఇనప తలుపు ఉంది. అవతల ఇరుక్కున్నవాళ్ళు, ఇవతల ఈయన. ముందు కంగారు పడొద్దనాలి, తర్వాత తలలు లెక్కపెట్టాలి, ఆ తర్వాత ఏ అంతస్తు దగ్గర ఆగిందో కనుక్కోవాలి. కంపెనీ నేర్పిన వరస అది. మనుషులతో మాట కలపడం అంటే అదేనని ఈయన మెదడులో అచ్చు పడిపోయింది.

తలుపు ఉంటే మాత్రం ఆయనంత మాటకారి ఇంకొకడు లేడు. ఒకసారి ఒక మొగుడూ పెళ్ళాలు గంటా నలభై నిమిషాలు లిఫ్టులో ఇరుక్కుపోయారు. విడాకుల లాయరు దగ్గరికి వెళుతూ ఎక్కారట. బాబాయ్ బయట నుంచి ఒక్కో మాటే వేస్తూ, ఎవరి తప్పెంతో వాళ్ళచేతే ఒప్పించాడు. తలుపు తెరుచుకునేసరికి ఇద్దరూ ఒకే చేతిరుమాలుతో చెమట తుడుచుకుంటున్నారు. కిందికి వెళ్ళే బటన్ నొక్కమన్నారు. పోయే ముందు దణ్ణం పెడదామని చూస్తే, మహానుభావుడు గోడవైపు తిరిగి నిలబడి తలుపు ఫ్రేములో స్క్రూలు లెక్కపెడుతున్నాడు.

పెళ్ళాం కూడా అలాగే దొరికింది. ఆవిడ ఆస్పత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. ఓ రోజు సీసాల ట్రేతో సహా రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. నలభై నిమిషాల్లో ఈయన ఆవిణ్ణి మూడుసార్లు నవ్వించాడు, చిన్నప్పటి రహస్యం ఒకటి చెప్పించాడు, తన రహస్యాలు రెండు చెప్పాడు. తలుపు తెరుచుకుంది. ఆవిడ ఈయన్ని చూసింది, ఈయన వెనక చూసింది, అటూ ఇటూ చూసి, "ఇందాకటి నుంచి మాట్లాడినాయన ఏరండీ?" అని అడిగింది.

"వెళ్ళిపోయాడండీ" అన్నాడట బాబాయ్.

వరసగా పదకొండు రోజులు ఆవిడ అదే లిఫ్టెక్కి, మధ్యలో ఎర్ర బటన్ నొక్కి ఆపాక గానీ అసలు సంగతి బయటపడలేదు.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఓసారి ఆయన మర్చిపోయిన లాగ్‌బుక్ ఇవ్వడానికి వాళ్ళింటికి వెళితే ఆవిడే చెప్పింది. రెండు గదులూ, ఒక వంటగదీ. వంటగది తలుపుకి అటొక ముక్కాలి పీట, ఇటొక ముక్కాలి పీట. తల ఆనించే చోట రంగు వెలిసిపోయి చెక్క కనిపిస్తోంది. నేను వెళ్ళేసరికి పిన్ని ఇవతలి పీట మీద కూర్చుని ఏదో కుడుతోంది. బాబాయ్ తలుపు వేసుకుని వంటగదిలో ఉన్నాడు.

"కూర్చో బాబూ. మేం మాట్లాడుకుంటున్నాం" అంది పిన్ని. "నువ్వూ ఈయనతోనే చదువుతున్నావా? అక్కడ ఎవరైనా ఈయనతో మాట్లాడతారా?"

"లేదు పిన్నీ."

"మాట్లాడతారు" అంది తలుపు. "నిన్న వెల్డరు 'అడ్డం లే' అన్నాడు."

పిన్ని సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. విషయం ఆవిడే చెప్పింది. బాబాయ్ కుడి మోకాలు అరిగిపోయింది. ఇక నిచ్చెనలు ఎక్కలేడు, లిఫ్టు గోతుల్లోకి దిగలేడు. నెలాఖరులోగా సర్టిఫికెట్ తెస్తే సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చోబెడతానన్నాడు మేనేజరు. తేలేకపోతే, మోకాలు బాగయ్యాక రమ్మన్నాడు. ఆ మోకాలు బాగవదని మేనేజరుకీ తెలుసు, మోకాలికీ తెలుసు.

చదువులో ఈయనకి ఢోకా లేదు. చిక్కంతా జట్టు దగ్గరొచ్చింది. ఆఖరి పరీక్ష నలుగురు కలిసి చేసి చూపించాలి. ఒకరు మోటారు గదిలో, ఒకరు కింద గోతి దగ్గర, ఒకరు లిఫ్టులో, ఒకరు గుమ్మం దగ్గర. ఎవరి జట్టు వాళ్ళే కూర్చుకోవాలి. మేం పదమూడు మందిమి. పదమూడుని నాలుగుతో భాగిస్తే ఎంత మిగులుతుందో కాలేజీ మానేసినవాడు కూడా చెప్పగలడు. మిగిలినవాడు వచ్చే ఏడు రావాలి.

"ఎవరో ఒకళ్ళతో నాలుగు మాటలు కలపండి అంటే వినరు" అంది పిన్ని. "కొత్తవాళ్ళని పలకరించడం బ్రహ్మవిద్యా? ముందు 'తిన్నారా' అనండి. వాళ్ళు తిన్నామంటారు. తర్వాత 'ఇంకేంటి' అనండి. మాట ఆగినప్పుడల్లా 'ఇంకేంటి' అనండి. దానంతటదే నడుస్తుంది."

"మొహం చూడాలా?" అంది తలుపు.

"చూడలేకపోతే చొక్కా రెండో గుండీ చూడండి."

లోపల పెన్సిలు గీస్తున్న చప్పుడైంది. రాసుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే వెల్డరు బెంచీ ఎక్కి కూర్చుని డబ్బా మూత పెడుతుండగా బాబాయ్ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. చూపు రెండో గుండీ మీద.

"తిన్నారా?"

"ఇప్పుడే తిన్నానన్నా."

"ఇంకేంటి?"

"ఏముంది, మామూలే."

"ఇంకేంటి?"

"ఏం లేదన్నా. పని, ఇల్లు."

ఇక్కడ మామూలు మనిషైతే తప్పుకుంటాడు. బాబాయ్‌కి మాట ఆగింది. ఆగితే ఏమనాలో పిన్ని చెప్పింది.

"ఇంకేంటి?"

వెల్డరు ఒకసారి తన గుండీ చూసుకున్నాడు. "ఏంటన్నా అలా చూస్తున్నావు? ఏం లేదన్నానుగా."

"ఇంకేంటి?"

తరగతి అంతా ఇటు తిరిగింది. వెల్డరు నుదుటి మీద చెమట పట్టింది. నీళ్ళ సీసా అందుకున్నాడు, తాగలేదు. బాబాయ్ కదల్లేదు, రెప్ప వెయ్యలేదు. తొమ్మిదోసారి "ఇంకేంటి" అన్నాక వెల్డరు సీసా బల్ల మీద ధనామని పెట్టాడు.

"సరే! టెస్టరక్క కటింగ్ ప్లేయరు నేనే తీశా! ఒక్క రోజు వాడుకుని ఇచ్చేద్దామనే తీశా! చాలా? ఇంకేం లేదు, నా తల్లి మీదొట్టు!"

ముందు బెంచీలో టెస్టరక్క లేచి నిలబడింది. "ఓరి నీ ఇల్లు బంగారం కాను! వారం నుంచి నా సంచీ నాలుగుసార్లు దులిపాను కదరా! మా ఆయన్ని కూడా అనుమానించాను!"

"ఇస్తానక్కా, ఇదిగో ఇక్కడే ఉంది" అని వెల్డరు బెంచీ కింద నుంచి ప్లేయరు తీసిచ్చి, బాబాయ్ వైపు తిరిగాడు. "ఇది పలకరింపా, పోలీస్ స్టేషనా? ఈయనున్న జట్టులో నేనుండను. మీరంతా సాక్ష్యం."

బాబాయ్ తన చోటికి వెళ్ళి లాగ్‌బుక్ తీశాడు. తొంగి చూశాను. పనికి వెళ్ళినచోటల్లా రాసుకునే పద్ధతిలోనే రాసుకున్నాడు. 'పలకరింపు. తొమ్మిది ప్రయత్నాలు. ఫలితం: ప్లేయరు దొరికింది.'

మిగతావాళ్ళు కూడా జాగ్రత్తపడ్డారు. ఎవరి కడుపులో ఏముందో ఎవరికి తెలుసు? ఆయన అటు వస్తుంటే ఇటు జరిగేవారు. ఎవరైనా ఇంటికి పోతూ 'వెళ్ళొస్తా' అంటే "ఎన్నింటికి?" అని అడిగేవాడు. అడిగింది వేళాకోళానికి కాదు. ఆయన పనిలో వెళ్ళొస్తానన్నవాడు నిజంగానే తిరిగి రావాలి, టైము రాయాలి.

ఒక రోజు సారు బాబాయ్‌కి ఓ పని అప్పగించాడు. తరగతి గదికి ఆనుకుని సామాను గది ఉంది. దాన్నిండా పాత ఇనప తాళ్ళు, అరిగిన చక్రాలు. ఏ తాడు పనికొస్తుందో ఏది పారెయ్యాలో చూసి చీటీలు కట్టమన్నాడు. ఆ గది తలుపు తెరిస్తే వచ్చి నల్లబల్లకి అడ్డం పడుతుంది. అందుకని లోపలికి వెళ్ళినవాళ్ళు వేసుకునే కూర్చోవాలి.

టెస్టరక్క మంచి మనిషి. ప్లేయరు దొరికినందుకు ఒక మాట చెప్పిపోదామని తలుపు దగ్గరికెళ్ళి తట్టింది. "కంగారన్నా, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. నేనిక్కడే ఉన్నాను. కంగారు పడకు" అంది లోపలి గొంతు. ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు. నిదానంగా, వెచ్చగా, ఎదురుచూస్తున్నట్టుగా ఉంది. "ఎంతసేపైంది నువ్వు ఇరుక్కుని?"

అక్క మా వైపు చూసి కన్ను గీటింది. ఆట పట్టిద్దామనే నోరు తెరిచింది. కానీ వచ్చిన మాట వేరు.

"ఆరేళ్ళన్నా" అంది. "మా బావ షాపులో. వైరింగంతా నాది. బోర్డు మీద పేరు ఆయనది."

"ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోంది. కొంచెం."

"అయితే భయం లేదు. గోడకి ఆనుకుని కూర్చో. ఎక్కడ ఆగిందో మెల్లగా చెప్పు."

అక్క కూర్చుంది. నిజంగానే నేల మీద, తలుపుకి వీపు ఆనించి. ఇరవై అయిదు నిమిషాలు లేవలేదు. లేచాక కొంగుతో ముక్కు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం చెప్పాడక్కా?" అన్నాను.

"ఏం చెప్పలేదురా. అడిగాడంతే."

మర్నాడు ముగ్గురు వెళ్ళారు. ఆ మర్నాడు ఏడుగురు. వారం తిరిగేసరికి ఏడింటి తరగతికి ఆరున్నరకే వచ్చి తలుపు దగ్గర వరస కట్టేవాళ్ళు. వరసలో తోసుకోకుండా ఉండటానికి ఎవరో నేల మీద సుద్దముక్కతో అంకెలు వేశారు. చెవులు సరిగ్గా వినపడని, క్రేన్ నడిపే పెద్దాయన కూడా వెళ్ళి, అవతల ఏమన్నారో ఒక్క ముక్క వినకుండా పావుగంట మాట్లాడి, "భలే మనిషి" అని మెచ్చుకుంటూ వచ్చాడు. వెల్డరు మధ్యలో టీకి అందరూ దిగిపోయేదాకా షూ లేసులు కట్టుకుంటూ కూర్చుని, ఎవరూ చూడట్లేదనుకుని వెళ్ళాడు. నేను మెట్ల మీద ఉన్నాను. "ప్లేయరు సంగతి కాదన్నా, ఇది వేరే" అనడం వినపడింది. తర్వాత గొంతు తగ్గించాడు. చివరికి ఓ రోజు సారే "తాళ్ళెంతవరకు వచ్చాయో చూసొస్తా" అని వెళ్ళి తలుపు బయటే ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. వచ్చి, పాఠం చెప్పకుండా పుస్తకం మూసి, మమ్మల్ని ఇంటికి పొమ్మన్నాడు. ఏం చెప్పుకున్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

నేనూ వెళ్ళానా? వెళ్ళాను. నా సంగతి వదిలెయ్యండి.

తమాషా ఏమిటంటే, తొమ్మిది కొట్టగానే తలుపు తెరుచుకునేది. అందులోంచి నీలం చొక్కా, చేతినిండా తుప్పుతో ఆ పాత మనిషే బయటికి వచ్చేవాడు. కడుపులో ఉన్నదంతా కక్కినవాళ్ళకి ఆ మొహం చూడాలంటే సిగ్గు. ఆయనకి ఏ మొహమైనా భయమే. ఎవరికి వారు సంచీలు సర్దుకునేవారు. ఆయన కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని డబ్బా విప్పేవాడు.

జట్ల పేర్లిచ్చే రోజు వచ్చింది. సారు ఫారాలు మూడు బల్ల మీద పరిచాడు. ఒక్కో ఫారంలో నాలుగు గీతలు అచ్చేసి ఉన్నాయి. చకచకా నిండిపోయాయి. మా జట్టులో వెల్డరు, టెస్టరక్క, క్రేన్ పెద్దాయన, నేను. నన్నెందుకు తీసుకున్నారంటే, గోతి దగ్గర నిలబడటానికి చదువు అక్కర్లేదు.

"పదమూడు ఎవరు?" అన్నాడు సారు.

కిటికీ పక్కన బాబాయ్ లేచాడు.

"అదేంటి, ఈయన మీ జట్టు కాదా?" అంది టెస్టరక్క రెండో జట్టువాళ్ళతో. "మీ జట్టనుకున్నాం" అన్నారు వాళ్ళు. మూడో జట్టువాళ్ళు మా రెండు జట్ల వైపూ చూశారు. అంతమంది అంతలేసి మాటలు చెప్పుకున్న మనిషికి జట్టు లేకపోవడం ఏమిటని ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ ఖాతాలో వేశారు. పది మంది అల్లుళ్ళున్న ఇంట్లో నీళ్ళు తోడేవాడు లేనట్టయింది.

"వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు సారు, ఆయన మొహం చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. బాబాయ్ దగ్గరికెళ్ళి, మెల్లగా అన్నాననుకున్నాను గానీ అందరికీ వినపడింది. "సారు నీతో ఇరవై నిమిషాలు ఏదో చెప్పుకున్నాడుగా. అది గుర్తు చెయ్యి బాబాయ్. చచ్చినట్టు కూర్చోబెడతాడు."

సారు మొహం పాలిపోయింది. బాబాయ్ నా వైపు తిరిగాడు. గుండీ వైపు కాదు. సూటిగా నా కళ్ళలోకి.

"తప్పు. ఇరుక్కున్నవాళ్ళు లోపల అన్న మాట బయటికి తేకూడదు. అలా తెచ్చేవాడివైతే ఈ పనిలోకి రాకు."

తర్వాత తనంతట తనే నడుచుకుంటూ వెల్డరు ముందుకి వెళ్ళాడు. మోకాలు కటకటమంది. చెయ్యి జేబులో స్పానరుని పట్టుకుని ఉంది. నేనైతే మళ్ళీ 'తిన్నారా' అంటాడని భయపడ్డాను.

"మీ జట్టులో నన్ను కలుపుకోండి" అన్నాడు. "గోతిలోకి దిగలేను. మోటారు గదికి ఎక్కలేను. మీకు నా మీద కోపం ఉందని తెలుసు. అయినా మిమ్మల్నే అడుగుతున్నాను, మీ అతుకు మంచిది."

"అతుకేంటి?"

"మీ వెల్డింగ్. ప్రాక్టీసు ముక్కలు చూశాను. తాళ్ళ గదిలో ఉన్నాయి. ఎక్కడా గాలి బుడగ లేదు."

వెల్డరు చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళూ మా అందరి ముందూ పొట్ట నిమురుకుని నవ్వించిన మనిషి, ఎవరో తన పని చూశారంటే ఎటు చూడాలో తెలియక తన గుండీ పట్టుకున్నాడు.

"మరీ అంత దగ్గరగా చూడకన్నా" అన్నాడు. "సారూ, ఈయన మా జట్టు."

"నాలుగే గీతలున్నాయయ్యా."

టెస్టరక్క జడలోంచి టెస్టరు తీసి, దాన్నే స్కేలులా ఆనించి, పెన్నుతో ఫారం మీద ఐదో గీత గీసింది. "ఇప్పుడు ఐదు."

"అచ్చులో లేని గీత చెల్లదమ్మా."

"అతికించమంటారా సారూ?" అన్నాడు వెల్డరు. "బుడగ లేకుండా అతికిస్తా."

సారు ఆ గీతని చాలాసేపు చూశాడు. బాబాయ్ వైపు ఒకసారి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. "నాకేం అభ్యంతరం లేదు. పెద్దాఫీసులో ముద్ర వేస్తేనే లెక్క. ఐదుగురూ స్వయంగా వెళ్ళండి."

పెద్దాఫీసు నాలుగో అంతస్తులో ఉంది. కింద లిఫ్టుకి 'పని చేయదు' అని అట్ట వేలాడుతోంది. బాబాయ్ ఆగి చూసి, "మా కంపెనీ కాదు" అని నిట్టూర్చాడు. మెట్లు ఇరుకు. ఒకరి వెనక ఒకరు ఎక్కాల్సిందే. ఆయన మోకాలికి తగ్గట్టు మెట్టుకో ఊపిరి తీసుకుంటూ ఎక్కుతున్నాం. ముందు వెల్డరు, వెనక బాబాయ్. బాబాయ్‌కి కనిపించేది ఒక వీపూ, ఒక చేతికమ్మీ.

రెండో అంతస్తు దగ్గర వీపు వైపు చూస్తూ అన్నాడు. "ఈ కమ్మీ అతుకు చూశారా? చేతకానివాడు చేశాడు."

వెల్డరు ఆగి, వంగి, వేలితో తడిమాడు. "ఎవడన్నాడు? ఇది మంచి అతుకు. పైన రంగు సరిగ్గా వెయ్యలేదంతే."

"రంగు కాదు. లోపల చల్లారకముందే రుద్దాడు."

"అన్నా, లిఫ్టుల సంగతి నువ్వు చెప్పు, వింటా. అతుకుల సంగతి నాకు చెప్పకు."

"నేను ఇరవై నాలుగేళ్ళుగా అతుకులు పట్టుకునే వేలాడాను. చేసినవాడికేం తెలుస్తుంది, వేలాడినవాడికి తెలుస్తుంది గానీ."

"ఓహో, అలాగా!"

మూడో అంతస్తుకి వచ్చేసరికి ఇద్దరూ పక్కపక్కన మెట్టు మీద చతికిలబడి, స్పానరుతో కమ్మీ మీద టంగుటంగుమని కొట్టి చూపించుకుంటున్నారు. పైకీ కిందికీ పోయేవాళ్ళు వాళ్ళ మీంచి దాటుకుంటూ పోతున్నారు. క్రేన్ పెద్దాయన రెండు వైపులా తలూపుతున్నాడు. టెస్టరక్క, నేను ఫారం తీసుకుని ముందు వెళ్ళాం. గుమస్తా ఐదో గీతని కళ్ళద్దాలు పైకీ కిందికీ జరిపి పరీక్షించాడు. స్కేలు పెట్టి కొలిచాడు. మిగతా నాలుగింటికన్నా కొంచెం పొట్టిగా ఉందన్నాడు. తనే కాస్త పొడిగించి, ఎర్ర ముద్ర ఠపీమని వేసి, మెట్ల వైపు తల బయటపెట్టి కేకేశాడు.

"ఐదో ఆయనెవరండీ? వచ్చి సంతకం పెట్టండి!"

కింద నుంచి కంగారు బాబాయ్ గొంతు, విసుగ్గా వినపడింది.

"ఒక్క నిమిషం ఆగండి సారూ, మాట్లాడుకుంటున్నాం."